మెట్ల దగ్గర ఆగిపోయిన చట్టం

మన రాజకీయాల్లో పేర్లు మార్చడమంత చవకైన పని మరొకటి లేదు. 2015 డిసెంబరులో ప్రధాని నరేంద్ర మోదీ ‘మన్ కీ బాత్’ ప్రసంగంలో వికలాంగులను ‘దివ్యాంగులు’ అని పిలుద్దామన్నారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ శాఖ పేరులో వారు ‘విభిన్న ప్రతిభావంతులు’. పిలుపులు ఇంత మృదువుగా మారిన కాలంలో హోటళ్ల గడపలు ఎన్ని అంగుళాలు తగ్గాయో చెప్పమంటే మాత్రం ఏ ప్రభుత్వం వద్దా సూటి సమాధానం దొరకదు. ఈ వ్యాసంలో నేను వికలాంగులు అనే మాటనే వాడుతున్నాను. హక్కుల పోరాటాలు నడిచింది ఆ మాటతోనే.

పింఛన్లు, ఉద్యోగ రిజర్వేషన్లు ఇంకా సరిగా అందని దేశంలో విహారయాత్రల ప్రస్తావన దేనికని కొందరు అడగవచ్చు. పింఛను ఇంటికి వస్తుంది. ప్రయాణానికి మనిషి ఇల్లు దాటాలి. ఇల్లు దాటలేనివాడు బజారులో కనిపించడు, సభలో కనిపించడు, చివరకు పాలకుల లెక్కలోనూ కనిపించడు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వికలాంగులు 2.68 కోట్లు. ఇంతమంది మన హోటళ్లలో, సముద్రతీరాల్లో, పుణ్యక్షేత్రాల్లో ఎందుకు అరుదుగా ఎదురవుతారన్నది రాజకీయ ప్రశ్నే.

సూరత్‌నే తీసుకుందాం. తెలంగాణ నుంచి తరలివెళ్లిన నేత కుటుంబాలు తరాలుగా ఉంటున్న నగరమది. తెలుగు మాధ్యమంలోనూ బడులు నడిపే నగరపాలక సంస్థ అది. అక్కడి లింబాయత్‌లో ఉండే ఒక కుటుంబాన్ని ఊహించండి. మరమగ్గాల మీద ముప్పయ్యేళ్లు పనిచేసిన పెద్దాయనకు మధుమేహం వల్ల కాలు తీసేశారు. పిల్లలు ఆయన్ను సోమనాథ్, ద్వారక తీసుకువెళదామనుకుంటారు. లేదా సిరిసిల్ల నుంచి పెళ్లికి వస్తున్న వీల్‌ఛైర్ బంధువు కోసం స్టేషను దగ్గర లాడ్జి వెతుకుతారు. వారికి ఎదురయ్యేవి దేశంలో ఏ ఊళ్లోనైనా ఎదురయ్యేవే: వాకిట్లో నాలుగు మెట్లు, అర అంతస్తు ఎక్కాక మొదలయ్యే లిఫ్టు, వీల్‌ఛైర్ పట్టని స్నానాలగది తలుపు. బుకింగ్ యాప్‌లో ‘వీల్‌ఛైర్ సదుపాయం’ అని రాసి ఉంటే, దానికి అర్థం రిసెప్షన్ పక్కన ఒక కుర్చీ మడిచిపెట్టి ఉందని మాత్రమే కావచ్చు.

హోటలు కుర్రాళ్లు మంచివాళ్లే. “ఎత్తుకుపోతాం సార్” అంటూ ముందుకు వస్తారు. ఆ మంచితనాన్ని తక్కువ చేయను. అయితే నలుగురు కలిసి మెట్ల మీదుగా మోసుకుపోయేటప్పుడు ఆ మనిషికి, పక్కన దిగుతున్న సామానుకు తేడా లేకుండా పోతుంది. ‘అతిథి దేవో భవ’ అని ప్రపంచమంతటా ప్రచారం చేసుకున్న దేశం ఈ అతిథి గురించి ఆలోచించనే లేదు. ఆలోచిస్తే ఏం జరుగుతుందో 2001 జనవరిలో చూశాం. స్టీఫెన్ హాకింగ్ ఢిల్లీ వచ్చినప్పుడు ఎర్రకోట, కుతుబ్ మినార్ వంటి కట్టడాల వద్ద పురావస్తు శాఖ తాత్కాలికంగా చెక్క ర్యాంపులు వేయించింది. విశ్వవిఖ్యాతుడికి సాధ్యమైనది మగ్గం కార్మికుడికి ఎందుకు సాధ్యం కాదు?

చట్టం లేక కాదు. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, నియమావళి 2017 జూన్‌లో వెలువడింది. ప్రమాణాలు పాటించని కట్టడానికి నిర్మాణ అనుమతి గానీ, పూర్తయినట్టు ధ్రువపత్రం గానీ ఇవ్వరాదని 44వ సెక్షన్ చెబుతోంది. ప్రస్తుతమున్న ప్రజా భవనాలను సరిదిద్దడానికి 45వ సెక్షన్ ఇచ్చిన ఐదేళ్లు 2022తో ముగిశాయి. ప్రభుత్వ, ప్రైవేటు సేవలన్నింటికీ 46వ సెక్షన్ ఇచ్చిన రెండేళ్లు 2019లోనే అయిపోయాయి. ఉల్లంఘనకు తొలిసారి జరిమానా పదివేల రూపాయలకు మించదు. ఒక పెద్ద హోటల్లో ఒకటి రెండు రాత్రుల అద్దె అది! తప్పు చేయడం సరిదిద్దుకోవడం కంటే చవక అయినప్పుడు వ్యాపారి ఏది ఎంచుకుంటాడో వేరే చెప్పాలా?

లోపం ఎక్కడుందో 2024 నవంబరు 8న రాజీవ్ రతూరీ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. తప్పనిసరి అని చట్టం అన్నదాన్ని నియమావళి సలహాల స్థాయికి దించిందంటూ 15(1) నియమం చెల్లదని ప్రకటించింది. విధిగా పాటించాల్సిన ప్రమాణాలను విడదీసి మూడు నెలల్లో రూపొందించాలని కేంద్రాన్ని ఆదేశించింది. పాటించనివారికి ధ్రువపత్రాలు నిలిపివేయాలని, జరిమానాలు విధించాలని కూడా చెప్పింది. ఆ తీర్పునకు ఆధారమైన నివేదిక మన హైదరాబాద్ నల్సార్ విశ్వవిద్యాలయంలోని వికలాంగుల అధ్యయన కేంద్రం తయారుచేసినదే.

సలహాకూ ఆజ్ఞకూ ఉన్న తేడా సూరత్‌కు బాగా తెలుసు. 1994లో ప్లేగు భయంతో లక్షలమంది ఆ నగరం విడిచి పారిపోయారు. మరుసటి ఏడాది కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు అధికారులను కార్యాలయాల నుంచి వీధుల్లోకి పంపారు. పలుకుబడి గలవారి అక్రమ కట్టడాలనూ వదల్లేదు. కొద్దికాలంలోనే చండీగఢ్ తరువాత దేశంలో రెండో పరిశుభ్ర నగరంగా సూరత్ పేరు తెచ్చుకుంది. స్వచ్ఛ సర్వేక్షణ్ 2023లో ఇందౌర్‌తో కలిసి ప్రథమ స్థానంలో నిలిచింది. 2019 మే 24న తక్షశిల ఆర్కేడ్ అగ్నిప్రమాదం 22 మంది విద్యార్థులను బలిగొన్న తరువాత అగ్నిమాపక నిబంధనలు పాటించని భవనాలకు అక్కడి అధికారులు సీళ్లు వేశారు. అప్పటిదాకా లేని అధికారాలేవీ కొత్తగా పుట్టలేదు. ఉన్నవాటిని వాడారు, అంతే. ఒక సందర్భంలో మహమ్మారి, మరో సందర్భంలో పసివాళ్ల చావు వారిని కదిలించాయి. మెట్ల దగ్గర వెనుదిరిగే మనిషి వార్త కాడు కాబట్టి అతని కోసం ఇంకా ఎవరూ కదలలేదు.

జరిమానా పడినచోట మార్పు వచ్చిందనడానికి విమానయానమే సాక్ష్యం. సెరిబ్రల్ పాల్సీ ఉన్న జీజా ఘోష్‌ను 2012లో స్పైస్‌జెట్ విమానం నుంచి దించేస్తే, 2016లో సుప్రీంకోర్టు పది లక్షల పరిహారం ఇప్పించింది. 2022 మేలో రాంచీలో ఒక వికలాంగ బాలుణ్ణి హైదరాబాద్ విమానం ఎక్కనివ్వనందుకు ఇండిగోపై డీజీసీఏ ఐదు లక్షల జరిమానా వేసింది. ఆపై వైకల్యం కారణంగా ప్రయాణాన్ని నిరాకరించకుండా నిబంధనలను సవరించింది. విమానం దిగిన మనిషి బస చేయాల్సిన హోటలుకు మాత్రం ఆ పాటి భయం లేదు.

చిన్న లాడ్జీలవాళ్లు ఇంత ఖర్చు భరించలేరన్న వాదన ఉంది. అందులో కొంత నిజమూ ఉంది. పాత మూడంతస్తుల కట్టడంలో రేపటికల్లా లిఫ్టు పెట్టమనడం అన్యాయం. కానీ కింది అంతస్తులో ఒక గదిని సిద్ధం చేయడం, తలుపును 900 మిల్లీమీటర్లకు వెడల్పు చేయడం, మరుగుదొడ్డి పక్కన పట్టుకునే కడ్డీలు బిగించడం, మడిచిపెట్టే ర్యాంపు ఒకటి కొనడం ఏ యజమానినీ దివాలా తీయించవు. ప్రకటనల్లో తలుపు వెడల్పూ మెట్ల సంఖ్యా నిజాయితీగా రాయడానికైతే రూపాయి ఖర్చు కాదు. కొత్త హోటళ్లకు ఈ వాదన అసలు వర్తించదు. నమూనా గీసేటప్పుడు కలం కాస్త జరిపితే చాలు. వ్యాపార దృష్టితో చూసినా, ఒక్క వికలాంగుడు బస మానుకుంటే అతనితో వచ్చే కుటుంబమంతా మానుకుంటుంది.

అందుచేత ఢిల్లీ నియమాలు రాస్తే పని సగమే అవుతుంది. మిగిలిన సగం ధ్రువపత్రంపై సంతకం చేసే పురపాలక అధికారి బల్ల మీద ఉంది, అది సూరత్ అయినా, హైదరాబాద్ అయినా, విజయవాడ అయినా. వచ్చే పురపాలక ఎన్నికల్లో మీ గుమ్మం ముందుకు వచ్చే అభ్యర్థిని ఒక్క ప్రశ్న అడగండి: వికలాంగులకు దారి లేదన్న కారణంతో ఈ ఊళ్లో గడచిన ఐదేళ్లలో ఎన్ని హోటళ్లకు అనుమతి ఆపారు? సమాధానం సున్నా అయితే, ఆ సున్నాను మార్చేందుకు ఏం చేస్తారో కూడా అడగండి.