జడ మిషన్‌లో పడితే?

నేను రాసేది కోడ్. ఈ వారం మాత్రం జడ గురించి.

మా ఆదోని అంటే పత్తి. జిన్నింగ్ మిల్లులో షాఫ్టులు, బెల్టులు తిరుగుతూనే ఉంటాయి. ఎమ్మిగనూరు పొలాల్లో వేరుశనగ మిషన్లూ అంతే. వదులు జడ, కొంగు, చున్నీ చిక్కిందంటే క్షణంలో నెత్తి చర్మం మొత్తం ఊడొచ్చేస్తుంది. చర్మం కింద వదులైన పొర ఒకటుంది, అక్కడే చీలుతుంది.

ఊడింది కదా అని వదిలేయకండి. 1994లో పంజాబ్‌లో తొమ్మిదేళ్ల పాప జడ నూర్పిడి మిషన్‌లో పడి, ముఖంతో సహా తల చర్మం ఊడిపోయింది. ఇంట్లోవాళ్లు దాన్ని ప్లాస్టిక్ సంచిలో వేసుకుని లూధియానా క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి తీసుకెళ్లారు. డాక్టర్ అబ్రహాం థామస్ బృందం మైక్రోస్కోప్‌లో చూస్తూ రక్తనాళాలు కలిపి అతికించింది. ఆ పాప పెద్దయ్యాక నర్సింగ్‌లో చేరింది.

చెవి ముందునుంచి పైకెళ్లే ధమని ఒక్కటి కలిసినా తల చర్మమంతా బతకొచ్చు, జుట్టూ పెరుగుతుంది. కుదరకపోతే తొడ చర్మమో, వీపు కండరమో తెచ్చి పుర్రెను కప్పుతారు. జుట్టు మాత్రం రాదు.

అందుకే గుర్తుపెట్టుకోండి: తలకి శుభ్రమైన గుడ్డ అదిమి కట్టండి. ఊడిన చర్మాన్ని తడిగుడ్డలో చుట్టి, కవర్లో మూసి, ఆ కవర్‌ని ఐస్‌లో పెట్టండి. ఐస్ నేరుగా తగలకూడదు. 108కి ఫోన్ చేయండి. కర్నూలు దాదాపు వంద కిలోమీటర్లు. దారిలోనే మైక్రోసర్జరీ ఎక్కడ చేస్తారో కనుక్కోండి.

తిరిగే భాగాలకు కంచె ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. మీ ఇంటి పక్కనుంచి మిల్లుకెళ్లే అక్కని ఇవాళే అడగండి: ‘‘అక్కా, అక్కడ షాఫ్టుకి రేకు కవరుందా?’’