ఒంటిని పట్టుకునే ఫిల్టర్‌కు మనిషి పట్టదు

లండన్‌లోనూ స్కాట్లాండ్‌లోనూ వేలంలో కొన్న ఏడు బొమ్మలు 2023లో ముంబయి కస్టమ్స్ దగ్గర చిక్కుకుపోయాయి. నాలుగు ఎఫ్.ఎన్. సౌజావి, మూడు అక్బర్ పదంసీవి. స్వాతంత్ర్యం తర్వాతి భారతీయ చిత్రకళ గురించి ఎవరు ఏ పుస్తకం రాసినా ఈ రెండు పేర్లను దాటిపోలేరు. కస్టమ్స్ వారికి మాత్రం ఒంటి మీద బట్టలు లేకపోవడం ఒక్కటే కనపడింది. అశ్లీల సరుకని రాసి జప్తు చేశారు. 2024 అక్టోబరులో బొంబాయి హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. నగ్నంగా గీసినంత మాత్రాన బొమ్మ అశ్లీలమైపోదనీ, అధికారి సొంత అభిప్రాయం చట్టం స్థానంలో కూర్చోకూడదనీ చెప్పింది. పదంసీకి ఇది రెండో గెలుపు. 1954లో జహంగీర్ ఆర్ట్ గ్యాలరీలో ప్రేమికుల బొమ్మలు పెట్టినందుకు పోలీసులు కేసు పెడితే అప్పుడూ న్యాయస్థానమే ఆయన్ను విడిచిపెట్టింది. రెండో తీర్పు వచ్చేనాటికి ఆయన పోయి నాలుగేళ్లు దాటింది.

ఆలస్యమైతే అయింది గానీ రెండుసార్లూ చేతిలో ఒక కాగితం ఉంది. ఆపిందెవరో, ఏ నిబంధన కింద ఆపారో తెలుసు. పైకి వెళ్లి అడగడానికి ఒక తలుపు ఉంది. ఇప్పుడు ఏఐ బొమ్మల టూల్స్‌లో అదే కస్టమ్స్ పనిని ఫిల్టర్లు చేస్తున్నాయి, అదీ బొమ్మ పుట్టకముందే. ‘మా విధానాలకు విరుద్ధం’ అన్న ముక్క తెర మీద పడుతుంది. ఏ మాట తప్పయిందో, ఎవరికి చెప్పుకోవాలో చాలాసార్లు ఆ ముక్కలో ఉండదు. అసలు ఫిల్టర్లే వద్దనేవారితో నాకు పొత్తు లేదు. కాపాడాల్సినవాళ్లను గాలికొదిలి, ఆపనక్కర్లేనివాటిని ఆపుతున్నాయన్నదే నా ఫిర్యాదు.

వడపోత శిక్షణ దశలోనే మొదలవుతుంది. ఓపెన్‌ఏఐ 2022లో డాల్-ఇ 2 అనే బొమ్మల మోడల్‌ను తయారు చేస్తూ, శిక్షణకు వాడే ఫొటోల్లోంచి శృంగార, హింసాత్మక దృశ్యాలను ఏరివేసింది. తర్వాత చూసుకుంటే మోడల్ గీసే బొమ్మల్లో ఆడవాళ్లు తగ్గిపోయారు. ఆ సంగతి కంపెనీయే బయటపెట్టి, సరిదిద్దుకుంది. ఇంటర్నెట్‌లో ఆడవాళ్ల ఫొటోలు శృంగార దృష్టితో తీసినవి ఎక్కువ కావడం ఒక కారణం, ఏరివేసే యంత్రం చూపులోనే పక్షపాతం ఉండవచ్చన్నది మరొకటి. అసభ్యతను తీసేయబోతే ఆడవాళ్లే ఎగిరిపోయారన్నమాట.

అదే ఏడాది నవంబరులో స్టేబుల్ డిఫ్యూజన్ 2.0 అనే మరో మోడల్ వచ్చింది. నగ్నత్వం మీద మరీ గట్టి వడపోత పెట్టారు. మనుషుల బొమ్మలు మునుపటికంటే నాసిరకంగా వస్తున్నాయని వాడినవాళ్లు గోల పెట్టారు. కొద్ది వారాలకే 2.1 తెచ్చి వడపోతను సడలించారు. 2024 జూన్‌లో దాని తర్వాతి రూపం ఎస్‌డి3 మీడియం వచ్చినప్పుడు పచ్చికలో పడుకున్న అమ్మాయిని గీయమంటే కాళ్లూ చేతులూ కలగలిసిన ముద్ద తయారైంది. నగ్న చిత్రాలను తీసేయడమే కారణమని చాలామంది అన్నారు. అదొక్కటే కారణమని గట్టిగా చెప్పలేం. కానీ దుస్తుల కింద ఎముక ఎక్కడుందో, కండ ఎలా తిరుగుతుందో చూడనివారికి దుస్తులు వేయడమూ రాదు. ఫైన్ ఆర్ట్స్ కళాశాలల్లో లైఫ్ స్టడీ పెట్టింది అందుకే.

రెండో మెట్టు మాటల దగ్గర. మిడ్‌జర్నీ అనే టూల్ తొలి రోజుల్లో నిషిద్ధ పదాల జాబితాతో నడిచింది. గర్భస్థ శిశువుకు ఆహారం అందించే మాయ పేరు, ఫెలోపియన్ నాళాల పేరు ఆ జాబితాలో ఉన్నాయని 2023 ఫిబ్రవరిలో ఎంఐటీ టెక్నాలజీ రివ్యూ రాసింది. ప్రసూతి పాఠానికి బొమ్మ కావాలన్న వైద్య విద్యార్థికీ బూతుబొమ్మ కోసం వచ్చినవాడికీ ఆ యంత్రం లెక్కలో తేడా లేదు. మూడో మెట్టు తయారైన బొమ్మను తిరిగి చూసుకోవడం. ఇందులోనూ అదే రోగం. ఫొటోలను ‘రెచ్చగొట్టేవి’గా గుర్తించే పెద్ద కంపెనీల ఏఐలను గార్డియన్ పత్రిక అదే ఏడాది పరీక్షిస్తే, ఒకే రకం ఫొటోలో మగవారికంటే ఆడవారికి ఎక్కువ మార్కులు పడ్డాయి. గర్భిణి కడుపు ఫొటోకూ పడ్డాయి. స్టేబుల్ డిఫ్యూజన్‌తో పాటు ఇచ్చిన తొలి ఫిల్టర్ ఏమేం చూస్తుందో ముందుగా ఎవరికీ చెప్పలేదు. పరిశోధకులు విప్పి చూస్తే 17 అంశాలు బయటపడ్డాయి. అన్నీ శృంగారానికి సంబంధించినవే. నరికివేతలు, నెత్తురు దాని దృష్టిలో అభ్యంతరకరం కావు.

ముక్కను చూసి మొత్తాన్ని తేల్చడం చట్టం ఎప్పుడో వదిలేసిన పద్ధతి. 1868 నాటి ఇంగ్లండు హిక్లిన్ తీర్పు ప్రకారం పుస్తకంలో ఒక్క పేరా పట్టుకుని, అది సులువుగా చెడిపోయే పాఠకుడి చేతిలో పడితే ఏమవుతుందో ఊహించి శిక్ష వేయవచ్చు. మన సుప్రీంకోర్టు కూడా చాలాకాలం దాన్నే పట్టుకుని, 2014లో అవీక్ సర్కార్ కేసులో దానికి స్వస్తి చెప్పింది. సందర్భం చూడాలి, మొత్తం రచనను చూడాలి, సమకాలీన సమాజం ఎలా చూస్తుందో అడగాలి అంది. ఒక పదాన్ని చూసో, చర్మం రంగున్న నాలుగు పిక్సెళ్లను చూసో తీర్పు చెప్పే ఫిల్టర్ ఆ హిక్లిన్‌ను దొడ్డిదారిన మళ్లీ ఇంట్లోకి తెచ్చింది.

తెలుగువారికి ఈ చరిత్ర కొత్తది కాదు. తంజావూరు మరాఠా ఆస్థాన కవయిత్రి ముద్దుపళని రాసిన ‘రాధికాసాంత్వనము’ను బెంగళూరు నాగరత్నమ్మ 1910లో పరిష్కరించి అచ్చువేయించారు. మరుసటి ఏడాది బ్రిటిష్ ప్రభుత్వం ప్రతులు స్వాధీనం చేసుకుంది. నిషేధం తొలగడానికి టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం రావాల్సి వచ్చింది. అంతకంటే పచ్చి శృంగారం రాసిన మగకవులు కావ్యగౌరవంతో నిలిచి ఉండగా, రాసిందీ అచ్చువేయించిందీ ఆడవాళ్లూ దేవదాసీలూ కావడం వల్లనే ఆ కావ్యం అంతగా కళ్లల్లో పడింది. ఆడమనిషి ఒళ్లయితేనే అనుమానించే నేటి యంత్రానికి ఆ చూపు ఎక్కడినుంచి వచ్చిందో వేరే వెతకనక్కర్లేదు. ఒక తేడా మాత్రం ఉంది. ఆ కావ్యం ప్రతులు ఎక్కడో దాగి బతికి, తర్వాత మళ్లీ అచ్చయ్యాయి. ప్రాంప్ట్ దగ్గరే, అంటే బొమ్మ కోసం రాసే మాటల దగ్గరే, ఆగిపోయిన బొమ్మకు దాచుకోవడానికి ప్రతి ఉండదు. ఏం పోయిందో రేపటి పరిశోధకుడికి లెక్కా తేలదు.

మెదక్ ప్రాంతంలో పుట్టి, ఎచింగుల్లో పల్లె మనుషుల కోరికలను దాపరికం లేకుండా గీసిన లక్ష్మాగౌడ్‌ను తీసుకోండి. 2016లో పద్మశ్రీ ఇచ్చి ప్రభుత్వం గౌరవించింది. ఆయన తొలినాటి బొమ్మలను మాటల్లో వర్ణించి ప్రాంప్ట్‌గా పెడితే ఇవాళ్టి పేరున్న టూల్స్‌లో ఎక్కువ భాగం గడప దాటనివ్వవు. లక్ష్మాగౌడ్‌కు ఏఐ అవసరం లేదనుకోండి, ఆయన చేతిలో రాగిరేకు ఉంది. రేపు ఈ టూల్స్‌తోనే బొమ్మ మొదలుపెట్టే ఇరవై ఏళ్ల చిత్రకారిణి గురించి నా బెంగ.

ఇక నాణేనికి రెండో వైపు. ఇక్కడ కళాస్వేచ్ఛ పేరుతో జరుగుతున్న మోసాన్ని కూడా చెప్పుకోవాలి. 2023 నవంబరులో నటి రష్మిక మందన్న ముఖాన్ని మరో యువతి వీడియోకు అతికించారు. 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు అరెస్టు చేసిన యువకుడు ఆంధ్రప్రదేశ్‌వాడు. అభిమానుల పేజీకి ఫాలోయర్లు పెరగాలని చేశాడట! అదే నెలలో గాయని టేలర్ స్విఫ్ట్ పేరుతో వచ్చిన అశ్లీల ఏఐ బొమ్మల్లో ఒక పోస్టును తీసేసేలోపే 4.5 కోట్లకు పైగా చూశారు. ఒక పెద్ద కంపెనీ టూల్ ఫిల్టర్‌ను పదాల గారడీతో దాటేసి ఇలాంటివి చేస్తున్నారని 404 మీడియా అనే వార్తాసంస్థ వెల్లడించింది. దొంగదారి తెలిసినవాడికి ఫిల్టర్ అడ్డం కాలేదు. నిజాయతీగా ఉన్న మాట రాసే చిత్రకారుడికే అది అడ్డం.

2025 డిసెంబరు చివర, 2026 జనవరి మొదట్లో ఎక్స్ వేదిక మీద జరిగింది ఇంకా ఘోరం. ఎవరో పెట్టుకున్న మామూలు ఫొటో కింద ‘బట్టలు తగ్గించు’ అని రాస్తే చాలు, అక్కడి ఏఐ టూల్ గ్రోక్ ఆ పని చేసి అందరి ముందూ పెట్టింది. బాధితుల్లో పేరున్నవారే కాదు, మామూలు అమ్మాయిలూ ఉన్నారు. జనవరి 2న మన ఐటీ శాఖ నోటీసు ఇచ్చింది. ఇండొనేషియా, మలేషియా ఆ టూల్‌ను తాత్కాలికంగా నిలిపేశాయి. ఆ తర్వాతే కంపెనీ గట్టిగా పగ్గాలు వేసింది. అదుపు తక్కువ ఉండటాన్నే స్వేచ్ఛగా చూపి జనాన్ని పిలిచిన సరుకది. అడగకుండా ఒక మనిషి ఒంటిని లాక్కోవడం ఏ దేశపు సౌందర్యశాస్త్రంలోనూ కళ అనిపించుకోదు.

ఈ రెండు రకాల ఉదంతాలను పక్కపక్కన పెడితే గీత ఎక్కడ గీయాలో కనిపిస్తుంది. ఊహలోంచి పుట్టిన నగ్నత్వానికి బాధితులు లేరు. బతికున్న మనిషి ముఖానికి ఉన్నారు. పిల్లల విషయంలో మాత్రం ఈ తేడా కూడా వర్తించదు. నిజమైన పిల్లల ఫొటోల్లా కనిపించే కంప్యూటర్ బొమ్మలను కూడా 2019 పోక్సో సవరణ నేరం కిందికే తెచ్చింది. అక్కడ కళ అనే సాకుకు తావు లేదు, ఉండకూడదు. లైయాన్-5బి అనే భారీ డేటాలో పిల్లలపై లైంగిక హింస ఫొటోల లింకులున్నట్టు 2023 డిసెంబరులో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు తేల్చారు. శిక్షణ డేటాను కడగాల్సింది అలాంటి చోట. ఆ డేటాతో నడిచిన పరిశ్రమే ఇంకోవైపు మాయ అనే మాటకు తాళం వేసుకుని కూర్చుంది.

గీత సరిగా పడకపోవడానికి కారణం ఊహించడం కష్టం కాదు. ఫిల్టర్ కాపాడేది ముందు కంపెనీ పరువును. మిడ్‌జర్నీలో అమెరికా అధ్యక్షుణ్ని వెక్కిరించగలిగిన రోజుల్లోనే షీ జిన్‌పింగ్ బొమ్మకు నిషేధం ఉంది. చైనాలో జనం ఈ టూల్ వాడగలగడమే వ్యంగ్యచిత్రం కంటే ముఖ్యమని సంస్థ అధిపతి డేవిడ్ హోల్జ్ దాచుకోకుండానే అన్నారు. 2025 మేలో సివిటై అనే మోడళ్ల వేదిక నిజమైన వ్యక్తుల పోలికలతో చేసిన మోడళ్లను తీసేసింది. చేయాల్సిన పనే. చేయించిన ఒత్తిడిలో కార్డు చెల్లింపుల సంస్థలదీ పెద్ద వాటా. ఇవాళ మంచిపని చేయించిన చేయి రేపు మరో కళాకారుడి ఖాతా మూయించదని పూచీ లేదు.

ప్రభుత్వం చేతికి పగ్గాలిచ్చినా చిక్కే. 2025 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లోని కంచ గచ్చిబౌలి చెట్ల నరికివేతపై ఘిబ్లీ శైలిలో వచ్చిన ఏఐ బొమ్మను తిరిగి పోస్టు చేసినందుకు ఐఏఎస్ అధికారి స్మితా సభర్వాల్‌కు పోలీసులు నోటీసు ఇచ్చారు. బుల్డోజర్లు, జింక, నెమలి ఉన్న ఆ బొమ్మ కార్టూన్ అని చూడగానే తెలుస్తుంది. ఫొటోల్లా నమ్మించే నకిలీలు ఆ రోజుల్లో తిరిగిన మాట నిజమే. వాటినీ దీన్నీ ఒకే గాటన కట్టడమే తప్పు. 2026 ఫిబ్రవరి 20 నుంచి అమలులోకి వచ్చిన ఐటీ నిబంధనలు నిజంలా కనిపించే ఏఐ బొమ్మకు లేబుల్ తప్పనిసరి చేశాయి. అది మంచిదే. ప్రభుత్వ, కోర్టు ఆదేశాలకు ఇచ్చే గడువును 36 గంటల నుంచి మూడు గంటలకు కుదించాయి. బట్టలూడదీసిన నకిలీ ఫొటోకు మూడు గంటలు కూడా ఎక్కువే. రాజకీయ వ్యంగ్యచిత్రానికి అదే గడువు పెడితే ఏ వేదికా ఆలోచించదు, తీసేసి చేతులు దులుపుకుంటుంది.

కాబట్టి కంపెనీలను అడగాల్సింది తక్కువ ఫిల్టర్లనో ఎక్కువ ఫిల్టర్లనో కాదు. నిజమైన మనిషి ముఖం ఫొటోగా అప్‌లోడ్ అయిన చోట అనుమతి ఉందా అని గట్టిగా పట్టాలి. వయోజనుడైన చిత్రకారుడి ఊహను వదలాలి. కాదన్నప్పుడు కారణం చెప్పాలి, మనిషి చూసే అప్పీలు ఉండాలి. ముంబయి కస్టమ్స్ ఇచ్చినపాటి కాగితమైనా ఇవ్వలేరా?

ఐటీ శాఖ తర్వాతి సవరణల మీద ప్రజాభిప్రాయం కోరినప్పుడు కంపెనీల న్యాయవాదులు ఎలాగూ రాస్తారు. హైదరాబాద్, విశాఖ, విజయవాడల్లోని చిత్రకారులు, కార్టూనిస్టులు, ఫైన్ ఆర్ట్స్ విద్యార్థులు, తమ ముఖం దొంగిలించబడిన అనుభవం ఉన్న మహిళలు కూడా రాయండి. తెలుగులోనే రాయండి.