హెచ్చరిక: అంచు చదవకుండా అమ్మొద్దు, కథ విని కొనొద్దు

వెండి కిలో లక్ష దాటిన దగ్గర్నుంచి బీరువా అడుగున పడి ఉన్న ప్రతి తెల్లబిళ్ల మీదా ఇంటివాళ్ల కన్ను పడుతోంది. హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద నగల దుకాణాలకు కొదవ లేదు. తెగిన పట్టీలు, సొట్టపోయిన కుంకుమ భరిణెలతో పాటు ముత్తాతల నాటి యుద్ధ పతకం కూడా కాటా ఎక్కిందంటే, కరిగాక దాన్ని వెనక్కి తెచ్చే మొనగాడు లేడు. ఇంకోవైపు, నిన్నగాక మొన్న పోతపోసిన బిళ్లల్ని ‘రెండో ప్రపంచ యుద్ధం నాటి ఒరిజినల్’ అంటూ ఫోన్లలో బేరం పెట్టేవాళ్లున్నారు. అసలుది తూకానికి, నకిలీది కథకు పోయే ఈ వ్యాపారంలో రెండువైపులా నష్టపోయేది మధ్యతరగతి ఇల్లే.

మన ఇళ్లలో యుద్ధ పతకాలేమిటని కొట్టిపారేయకండి. మొదటి ప్రపంచ యుద్ధంలో హైదరాబాద్ లాన్సర్స్ మైసూరు, జోధ్‌పూర్ దళాలతో కలిసి పాలస్తీనా దాకా వెళ్లారు. ఢిల్లీ తీన్‌మూర్తి చౌక్‌లో ఈ దళాల గుర్తుగా నిలిపిన మూడు విగ్రహాల్లో ఒకటి హైదరాబాద్‌ది. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరానికి ‘మిలిటరీ మాధవరం’ అనే పేరు ఊరికే రాలేదు. నల్లగొండ, ఖమ్మం, గోదావరి జిల్లాల నుంచి వచ్చి ఎల్బీనగర్, వనస్థలిపురం కాలనీల్లో స్థిరపడిన కుటుంబాల ట్రంకుపెట్టెల్లో ఏముందో చాలామంది వారసులకే తెలీదు. ‘జై జవాన్’ అన్న లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టుకున్న ఎల్బీనగర్‌లో జవాను పతకం తులాల లెక్కన పోవడం నాకైతే మింగుడు పడదు.

ఆ మొదటి యుద్ధానికి ఇచ్చిన బ్రిటిష్ వార్ మెడల్‌నే చూడండి. 36 మిల్లీమీటర్ల బిళ్ల, దాదాపు మూడు తులాల వెండి. ఒకవైపు ఐదో జార్జి తల, రెండోవైపు గుర్రం మీద దిసమొలతో సెయింట్ జార్జి. 1980 ప్రాంతంలో వెండి ధర ఎగిసినప్పుడు బ్రిటన్‌లోనే ఇవి కుప్పలుగా కొలిమి పాలయ్యాయి. ఇదే మెడల్ కంచులోనూ ఉంది. అది కూలీ దళాలకు, సామాను మోసినవాళ్లకు ఇచ్చినది. వెండివి 65 లక్షల దాకా ఇస్తే కంచువి సుమారు 1,10,000 మాత్రమే. ‘ఇత్తడిదే కదా’ అని పిల్లల చేతికి ఆటకిచ్చేది దీన్నే!

దాని అంచు చూడండి. ముఖం ఎవరైనా అచ్చుపోస్తారు; నిజం అంచు మీద ఉంటుంది. సైనికుడి నంబరు, హోదా, పేరు, దళం అంచు చుట్టూ చిన్న అక్షరాల్లో ఉంటాయి. అక్షరాలన్నీ ఒకే లోతున అచ్చుగుద్దినట్టు ఉన్నాయా, పనిముట్టుతో గీకినట్టు ఉన్నాయా? గీకినట్టుంటే అనుమానించాలి. పాత పేరును ఆకురాయితో అరగదీసి, ఎక్కువ ధర పలికే దళం పేరు ఎక్కించడం ఈ వ్యాపారంలో పాత విద్యే. అయితే అరగదీసిన చోట లోహం తగ్గక తప్పదు. కాలిపర్ పెట్టి నాలుగు వైపులా వ్యాసం కొలిస్తే ఒకచోట 36 కంటే తక్కువ వస్తుంది. అసలు బిళ్లను అచ్చుగా వాడి పోతపోసినదైతే, లోహం చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది కాబట్టి మొత్తం సైజే కాస్త తగ్గుతుంది. భూతద్దంలో చూస్తే గుర్రం జూలు మెత్తబడి, అక్కడక్కడ సూదిమొన బెజ్జాలు కనిపిస్తాయి. ఇదంతా చూడకుండానే చింతపండు పెట్టి, పీతాంబరి వేసి తళతళలాడేలా తోమేస్తారు మనవాళ్లు. దయచేసి తోమకండి. ఆ నల్లటి పూతే వయసుకు సాక్ష్యం.

అంచు ఖాళీగా ఉన్నంత మాత్రాన నకిలీ అనీ అనకూడదు. రెండో యుద్ధం తర్వాత బ్రిటన్ తన సైనికులకు చాలా పతకాలు పేర్లు లేకుండానే పంచింది. పోగొట్టుకున్నవాళ్లకు ప్రభుత్వమే మళ్లీ ఇచ్చినవాటి అంచు మీద ‘రీప్లేస్‌మెంట్’ అన్న గుర్తు ఉంటుంది. 1947 నాటి మన స్వాతంత్ర్య పతకమైతే మరీ తికమక. ఒకవైపు కిరీటం కింద అశోకచక్రం, చుట్టూ ఆరో జార్జి బిరుదులు. వెనక సారనాథ్ సింహాలు. చూడగానే దొంగదనిపిస్తుంది, కానీ అసలుది అలాగే ఉంటుంది.

ఆన్‌లైన్‌లో ఊరించే జర్మన్ ఐరన్ క్రాస్‌ల సంగతి ఇంకా చిక్కు. పశ్చిమ జర్మనీ 1957 జులైలో చట్టం చేసి, మాజీ సైనికులు స్వస్తిక తీసేసిన పతకాలు పెట్టుకోవచ్చంది. స్వస్తిక ఉండే చోట ఓక్ ఆకులు వచ్చాయి. యుద్ధకాలంలో పతకాలు చేసిన కంపెనీల్లో కొన్నే వీటినీ చేశాయి. అందుకే అయస్కాంతానికి అతుక్కుంది, లోపల ఇనుముంది కాబట్టి 1940 నాటిదే అన్న వాదన చెల్లదు. తర్వాతవాటిలోనూ ఇనుము ఉంటుంది. 1957 నాటిది నకిలీ కాదు, దానికీ చరిత్ర ఉంది. దాన్ని యుద్ధం నాటిదని అమ్మడమే దగా. మన సికింద్రాబాద్ కంటోన్మెంట్ పక్క మిలిటరీ సామాను కొట్లలో మాజీ సైనికులు రోజువారీ వాడకానికి కొనుక్కునే నకళ్లదీ ఇదే కథ. కొన్నప్పుడు నకలుగానే కొంటారు. ముప్పై ఏళ్లకు అది ‘తాతగారి ఒరిజినల్’ అయిపోతుంది.

రిబ్బన్‌కు ఒక తేలిక పరీక్ష ఉంది. నోట్లు చూసే నీలం లైటు ఏ దుకాణం కౌంటర్ మీదైనా ఉంటుంది. దాని కింద దారాలు తెల్లగా మెరిస్తే అది చాలావరకు యుద్ధానంతర కాలపు గుడ్డే. మెరవకపోతే మాత్రం పాతదని రుజువైనట్టు కాదు. పాత పతకానికి కొత్త రిబ్బన్ వేసి ఉండొచ్చు కూడా.

ఇప్పుడు అసలు ప్రమాదం. ‘మీ దగ్గరున్న మెడల్ లక్షల్లో పోతుంది, రిజిస్ట్రేషన్‌కు, టాక్స్‌కు ముందు కొంత పంపండి’ అని ఎవరైనా అడిగితే అక్కడితో ఫోన్ పెట్టేయండి. పాత నోట్లు, నాణేల పేరిట ఇలాగే తన పేరు, లోగో వాడి కమీషన్లు గుంజుతున్నారని రిజర్వ్ బ్యాంక్ 2021 ఆగస్టులోనే ప్రజలను హెచ్చరించింది. బియ్యం లాగే చెంబని, ఇరిడియమని ‘రైస్ పుల్లింగ్’ పేరుతో జనాన్ని ముంచే ఎత్తుగడా ఇలాంటిదే. డబ్బు పోతే సిగ్గుపడి దాచుకోవద్దు, వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే ఆ సొమ్ము అవతలి ఖాతాలో ఆగిపోయే అవకాశం అంత ఎక్కువ.

విదేశీ కలెక్టర్ అడిగాడని కొరియర్ చేయడం మరో గొయ్యి. 1972 నాటి పురావస్తువుల చట్టం కింద వందేళ్లు దాటిన చారిత్రక వస్తువులను ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. మొదటి యుద్ధం పతకాలకు ఇప్పుడు సరిగ్గా ఆ వయసు వచ్చింది.

అమ్మాలనుకున్నా, దాచుకోవాలనుకున్నా ముందు అంచు చుట్టూ ఏటవాలు వెలుతురులో నాలుగైదు ఫొటోలు తీయండి. దళం పేరు చదవగలిగితే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి. మద్రాస్ రెజిమెంట్ అయితే వెల్లింగ్టన్‌లో, మద్రాస్ సాపర్స్ అయితే బెంగళూరులో వాళ్ల కేంద్రాలున్నాయి. డిశ్చార్జి పుస్తకం, పింఛను కాగితం, యూనిఫాంలో దిగిన ఫొటో, ఏది దొరికినా పతకంతో పాటే ఒక కవర్‌లో పెట్టండి. ఆ కాగితాలు విడిపోయాక ఎవరి పతకమో చెప్పడం నిపుణుడికీ కష్టమే.