అప్పీలు వేస్తారా, బకాయి కడతారా? గడువులోగా తేల్చండి

జీతం బకాయి కానివ్వండి, పింఛను కానివ్వండి, ఉద్యోగికి అనుకూలంగా హైకోర్టు తీర్పు వచ్చిన నాటి నుంచే ప్రభుత్వానికి గడువు లెక్క మొదలవుతుంది. సింగిల్ జడ్జి తీర్పుపై డివిజన్ బెంచికి వెళ్లడానికి 30 రోజులు. హైకోర్టు తీర్పుపై సుప్రీంకోర్టుకు వెళ్లడానికి 90 రోజులు. ఇది సచివాలయంలో తెలియనివారు లేరు. అయినా పుణ్యకాలమంతా ఫైలు తిరగడానికే సరిపోతోంది.

తీర్పు ప్రతి ప్రభుత్వ ప్లీడరు ఆఫీసు నుంచి శాఖాధిపతికి, అక్కడి నుంచి సచివాలయానికి వెళ్తుంది. న్యాయశాఖ అభిప్రాయం రాస్తుంది. ఆర్థికశాఖ ఒక కొర్రీ వేస్తుంది. ఫైలు మళ్లీ వెనక్కి. ‘అప్పీలు అక్కర్లేదు, చెల్లించేయండి’ అని సంతకం పెట్టే ధైర్యం ఎవరికీ చాలదు. రేపు ఆడిట్‌లో తన పేరు వస్తుందేమోనన్న భయం. ధిక్కరణ కేసులో కార్యదర్శి స్వయంగా హాజరు కావాలని కోర్టు ఆదేశిస్తే గానీ అప్పీలు గుర్తుకు రాదు. ఇక రాత్రికి రాత్రే కాగితాలు సిద్ధం, ఆలస్యాన్ని మన్నించమనే పిటిషన్‌తో సహా!

ఆ మన్నింపును ఇక నమ్ముకోవద్దు. తపాలా శాఖ 427 రోజుల ఆలస్యాన్ని 2012లోనే సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. కాలపరిమితి చట్టం సర్కారుకూ వర్తిస్తుందని చెప్పింది. 2020లో 663 రోజులు ఆలస్యంగా వచ్చిన మధ్యప్రదేశ్‌కు 25 వేల రూపాయల ఖర్చులు విధించి, బాధ్యులైన అధికారుల నుంచే రాబట్టమంది. కొట్టివేత ఉత్తర్వును సాకుగా చూపించుకోవడానికే ఇలాంటి కేసులు వేస్తున్నారని మండిపడింది. కర్ణాటక హౌసింగ్ బోర్డు 3,966 రోజుల ఆలస్యాన్ని అక్కడి హైకోర్టు మన్నిస్తే, 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వునే రద్దు చేసింది.

ఇవి జీతాల కేసులు కావు. జీతాల కేసులో నష్టం ఇంకా ఎక్కువ. బకాయి నెలనెలా పెరుగుతుంది. అదే తీర్పు పట్టుకుని అదే కేడర్‌లోని మిగతావారూ కోర్టుకెక్కుతారు. అప్పీలుకు నిజంగా బలమున్న కేసు కూడా గడువు దాటిందన్న ఒక్క కారణంతో పోతే, ఆ బరువు మోసేది పన్ను కట్టే జనమే.

బకాయిపై పడే వడ్డీ సంగతి ఆంధ్రప్రదేశ్‌కు అనుభవమే. 2020 కొవిడ్ వేళ వాయిదా వేసిన జీతాలు, పింఛన్లను 12 శాతం వడ్డీతో ఇవ్వాలని హైకోర్టు ఆదేశించింది. రాష్ట్రం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2021 ఫిబ్రవరిలో వడ్డీ 6 శాతానికి తగ్గిందే తప్ప తప్పలేదు. జీతం ఆపిన ప్రభుత్వం వడ్డీ కట్టాల్సిందేనని కోర్టు స్పష్టం చేసింది. అది శిక్ష కాదని కూడా చెప్పింది లెండి. గడువులో వెళ్లి వాదించుకున్నందుకు ఆ మాత్రమైనా కలిసొచ్చింది. గడువు దాటాక వెళ్తే తగ్గింపు మాట ఎత్తే అవకాశమే ఉండకపోవచ్చు.

గెలిచిన ఉద్యోగులూ జాగ్రత్త. ‘ఫైలు కదులుతోందండీ’ అన్న మాట నమ్మి కూర్చోవద్దు. ధిక్కరణ చర్యకు చట్టం పెట్టిన గడువు ఏడాదే. అప్పీలు వేశామన్నంత మాత్రాన తీర్పు ఆగిపోదు, స్టే ఉందా అని అడగండి. తీర్పు ప్రతిని శాఖకు ఇచ్చి రసీదు తీసుకోండి. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్తుందనిపిస్తే, మీ వాదన వినకుండా ఉత్తర్వు ఇవ్వొద్దని ముందే కేవియట్ వేసుకోండి. పింఛనుదారుల విషయంలో ఆలస్యం మరీ క్రూరం. పింఛనుదారు పోయాక అదే సొమ్ము కోసం కుటుంబం వారసత్వ పత్రాలు పట్టుకుని మళ్లీ మొదటి నుంచి తిరగాలి.

ప్రభుత్వాలు చేయాల్సింది కొత్త కమిటీ వేయడం కాదు. తీర్పు వచ్చిన వారంలో ప్లీడరు అభిప్రాయం, 30 రోజుల్లోపు చెల్లింపో అప్పీలో తేల్చే ఒకే ఒక్క సంతకం, ఆ సంతకం ఎవరిదో ముందే రాతపూర్వకంగా నిర్ణయం కావాలి. ప్రతి శాఖా తన దగ్గరున్న జీతాల తీర్పులను తేదీల వారీగా ఈ నెలలోనే బయటపెట్టాలి. గడువు దాటినవి ఎన్నో, ఏ బల్ల మీద ఆగాయో ఉద్యోగ సంఘాలకు చూపించాలి. దాటినందువల్ల కట్టే వడ్డీ ఆ బల్ల దగ్గరే వసూలు కావాలి.