సంచులు రాలేదంటే ఏ తారీఖున రాలేదు?

ప్రతి సార్వాకీ, ప్రతి దాళ్వాకీ ధాన్యం కొనుగోలు కేంద్రాల దగ్గర మన చెవిన పడే మాట ఒకటుంది. "గోనె సంచులు రాలేదండీ, పైనుంచి రావాలి." ఈ 'పైన' ఎక్కడుందో రైతుకు తెలీదు, కాటా దగ్గర కూర్చున్న హమాలీకి తెలీదు, ఆ మాట చెబుతున్న గుమాస్తాకూ తెలీదు. తెలిసినవాడు కేంద్రం దగ్గరకు రాడు. యీలోగా ధాన్యం రాశి రోడ్డు పక్కనే వుంటుంది, సాయంత్రానికి మబ్బు కమ్ముకొస్తుంది.

సంచి లేకపోతే దెబ్బ అందరికీ ఒకేలా తగలదు. గోడౌనున్న పెద్ద రైతు ధాన్యం లోపల పోసుకుని తాళం వేసుకుంటాడు. కౌలు రైతుకు కళ్ళమే లేదు, రోడ్డే కళ్ళం. తడిసిన ధాన్యంలో తేమ 17 శాతం దాటిందంటే కేంద్రంలో కాటా ఎక్కదు. 2025-26 ఖరీఫ్‌కు సాధారణ రకం మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలని గోడమీద రాసి వుంటుంది. గోడ యివతల నిలబడ్డ దళారీ తన ధర తాను చెబుతాడు. హమాలీకి కూలి సంచి లెక్కన. సంచి లేని రోజు అతనికి కూలీ లేదు, చెట్టు కింద చుట్ట కాల్చుకుంటూ కూర్చోవడమే. ధాన్యం రెండోసారి ఆరబోసిన ఆడకూలీలకు ఆ రెండోసారి కూలి యెవరిస్తారనేది యెప్పుడూ తగవే.

మా తప్పు ఒకటి చెప్పుకోవాలి. కొన్నేళ్ల క్రితం డెల్టాలో ఒక మండలంలో దాళ్వా కోతల్లో పది రోజులు సంచులు లేవు. రాస్తారోకో చేశాం. ఒక అధికారి జీపు దిగి, "మిల్లులవాళ్లు ఆలస్యం చేస్తున్నారు, మేమేం చేస్తాం" అన్నాడు. మేం నమ్మాం. జనపనార మిల్లుల యజమానుల్ని ఆ సీజనంతా దుమ్మెత్తిపోశాం. తర్వాత మా కుర్రాడొకడు సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టి ఆర్డరు కాగితాలు తెప్పించాడు. తీరా చూస్తే, సంచులు కావాలని రాసిన ఇండెంటు కోతలు మొదలయ్యాకే ఆఫీసు గడప దాటింది! మిల్లు తనకిచ్చిన గడువులోనే పంపింది. మేం తిట్టింది ఒకరిని, దోషి యింకొకరు. మిల్లు యజమానుల మీద మాకేమీ ప్రేమ లేదు గానీ, దోషిని తప్పించే పోరాటం మనకెందుకు?

అసలు సంచి మన వూరికి యెలా వస్తుందో తెలుసుకుంటే సగం చీకటి పోతుంది. ఆహార ధాన్యాలను జనపనార సంచుల్లోనే నింపాలన్న నియమం 1987లో చేసిన చట్టం నుంచి వచ్చింది. కొత్త సంచుల కోసం రాష్ట్రాల కొనుగోలు సంస్థలు ఇండెంటు పెడతాయి. కలకత్తాలోని జూట్ కమిషనర్ కార్యాలయం మిల్లులకు సరఫరా ఉత్తర్వు యిస్తుంది. మిల్లు తయారుచేసి, తనిఖీ అయ్యాక, 500 సంచులకు ఒక బేలు చొప్పున కట్టి పంపిస్తుంది. 2016 నుంచి యీ వ్యవహారం కంప్యూటరు మీద నడుస్తోంది. అంటే యెవరు యెన్ని అడిగారో, యే మిల్లుకు యే తేదీన ఉత్తర్వు వెళ్లిందో, యెన్ని బేళ్లు బయల్దేరాయో ఎక్కడో ఒకచోట నమోదై వుంటుంది. కాగితం లేక కాదు, అది మన చేతికి రాకే యీ అవస్థ.

ఆ కాగితం దొరికినా చదవడంలో ఒక మోసం వుంది. అధికారులు చూపించేది మొత్తం శాతం. "మీ కేంద్రానికి 90 శాతం సంచులు యిచ్చాం, యింకేం కావాలి?" అంటారు. లెక్క వేద్దాం. ఒక కేంద్రానికి పది వేల క్వింటాళ్ల ధాన్యం వస్తుందనుకుందాం. సంచికి 40 కిలోలు నింపితే 25 వేల సంచులు కావాలి, అంటే 50 బేళ్లు. సీజను ముగిసేసరికి 45 బేళ్లు వచ్చాయి. నిజమే, 90 శాతం. కానీ అందులో 20 బేళ్లు కోతలకు ముందు, మిగతా 25 కోతలు మొదలైన పదిహేను రోజులకు వచ్చాయనుకోండి. ఆ 25 బేళ్లలో పట్టే ధాన్యం అయిదు వేల క్వింటాళ్లు. ఆ పదిహేను రోజులూ అదెక్కడుంది? ఆకాశం కింద వుంది. శాతంలో యిది కనపడదు, తేదీల్లో కనపడుతుంది.

కోత మిషన్లు వచ్చాక యిది మరీ ముదిరింది. వెనక చేత్తో కోసి, కుప్ప వేసి, తీరిగ్గా నూర్చుకునేవాళ్లం. ధాన్యం నెలా రెండు నెలలపాటు కొంచెం కొంచెంగా బయటకొచ్చేది. యిప్పుడు వూరంతా వారం పది రోజుల్లో రాశి పడుతుంది. ఎకరాకు 75 కిలోల బస్తాలు ముప్పై పండితే 56 గోనె సంచులు పైచిలుకు కావాలి, అదీ ఆ వారంలోనే. పైగా మన దాళ్వా, తెలంగాణలో యాసంగి ధాన్యం వచ్చే ఏప్రిల్, మే నెలల్లోనే పంజాబు, హర్యానాల్లో గోధుమల కొనుగోలు. అన్ని రాష్ట్రాలూ అవే మిల్లుల సంచుల కోసం క్యూ కడతాయి. ఆ క్యూలో వెనక నిలబడ్డ రాష్ట్రం తర్వాత యెంత గింజుకున్నా ముందుకు రాలేదు.

మిల్లులూ తప్పు చేస్తాయి, కాదనడం లేదు. అయితే ఆలస్యం వెనక కారణం కూడా చూడాలి. 2020లో లాక్‌డౌన్‌తో బెంగాలు మిల్లులు మూతబడ్డాయి. కేంద్ర ప్రభుత్వమే ప్లాస్టిక్ సంచులకు అనుమతి యిచ్చింది. అదే ఏడాది మే నెలలో ఆంఫన్ తుపాను జనుము పంటను దెబ్బతీసింది. 2021 సెప్టెంబరులో ముడి జనపనార క్వింటాలుకు 6,500 రూపాయలని గరిష్ఠ ధర కట్టారు. ఆ ధరకు సరుకు దొరక్క కొన్ని మిల్లులు మూతబడి కార్మికులు వీధిన పడ్డారు. 2022 మేలో ఆ పరిమితి ఎత్తేశారు. నెల్లిమర్ల, చిట్టివలస కార్మికుల అవస్థలు చూసిన మనకు యిది కొత్తగా చెప్పక్కర్లేదు. సంచి ఆలస్యమైందని మగ్గం మీద నిలబడ్డవాణ్ణి తిట్టకూడదు.

ఒకసారి వాడిన సంచుల సంగతి వేరు. అవి కలకత్తా నుంచి రావు. రైసు మిల్లరు దగ్గరా, రేషను డీలరు దగ్గరా వుంటాయి. యెన్ని వెనక్కి యివ్వాలి, యెన్ని యిచ్చారు, చిరుగులెన్ని అనే రిజిస్టరు దగ్గరే తిరకాసంతా. చిరిగిన సంచిలో పోసిన ధాన్యం దారిలో కారితే తరుగు రైతు నెత్తిన వేస్తారు. చిరిగిన సంచిని 'సరఫరా' లెక్కలో చూపించడమంటే పుచ్చు వంకాయలు కూడా కలిపి తూచడమే.

అంచేత ఇండెంటు తేదీ, డబ్బు కట్టిన తేదీ, ఉత్తర్వు తేదీ, గడువు, సరుకు దిగిన తేదీ, మంచివెన్ని, తిప్పి పంపినవెన్ని – ఆర్డరు వారీగా, కేంద్రం వారీగా యివన్నీ అడగాలి. సమాచార హక్కు చట్టం సెక్షన్ 2(ఎఫ్) 'సమాచారం' అన్నప్పుడు ఉత్తర్వులూ, కాంట్రాక్టులూ, నివేదికలూ అందులోకే వస్తాయని రాసే వుంది. రికార్డును స్వయంగా చూసే హక్కు 2(జె)లో వుంది. గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండలంలో అయిదు రూపాయలు, ఆపైన పది. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి ఎక్కడా ఫీజు లేదు. జవాబుకు గడువు 30 రోజులు గనక సంచులు లేవని తెలిశాక పెట్టే దరఖాస్తు ఆ పంటకు అక్కరకు రాదు. చేను పొట్ట మీద వుండగానే పెట్టాలి.

"కంప్యూటర్లో అలా వుందండీ" అంటే తగ్గవద్దు. కంప్యూటర్లో ఎక్కించింది మనిషే. లారీ దిగిన రోజొకటి, నమోదైన రోజొకటి కావచ్చు. దీనికి సాక్ష్యం మన దగ్గరే వుంది. హమాలీ మేస్త్రీ దగ్గర చమురు మరకల పుస్తకం వుంటుంది చూడండి – యే రోజు యే లారీ దించాం, యెన్ని బేళ్లు, యెవరెవరు పనిలో వున్నారు. కూలి పంచుకోవాలి గనక అందులో తప్పు రాయరు. అక్షరం రాని మేస్త్రీ అయితే గీతలు గీస్తాడు, గీతలూ లెక్కే. 50 కిలోల కొత్త సంచి 580 గ్రాములుండాలి, కాబట్టి బేలు సుమారు 290 కిలోలు తూగాలి. కాటా అక్కడే వుంది, ఒక బేలు తూచి అంకె ఆ పుస్తకంలోనే రాయించండి.

ఆఫీసు యిచ్చిన కాగితాన్నీ మేస్త్రీ పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టి కేంద్రం దగ్గరే, రైతులూ కూలీలూ అందరూ వుండగా గట్టిగా చదవాలి. తేదీ తేడా వచ్చిన చోట గీత గీసి, ఆ నకలు జాయింట్ కలెక్టరుకు యిచ్చి రసీదు తీసుకోవాలి. రసీదు లేకుండా ఏదీ యివ్వవద్దు.