బడిలో ఉపన్యాసం, గేటు బయట సిగరెట్టు

ఏటా మే 31 ప్రపంచ పొగాకు వ్యతిరేక దినోత్సవం. ఆనాడు మన తెలుగు రాష్ట్రాల్లో బడులకు వేసవి సెలవులు. అయినా ఊరేగింపులు, ప్రతిజ్ఞలు జరుగుతూనే ఉంటాయి. పిల్లలు లేని చోట పెద్దలు పెద్దలకే బోధిస్తారు. జూన్‌లో బడి తెరిచాక ఆ మాట ఎత్తేవారు అరుదు.

ఇక తరగతిలో జరిగే బోధ సంగతి. నల్లబడిన ఊపిరితిత్తుల బొమ్మ చూపి భయపెట్టడమే చాలామందికి తెలిసిన విద్య. అరవయ్యో ఏట రాబోయే జబ్బు పదమూడేళ్ల కుర్రవాడిని ఆపగలదా? ఆ సాయంత్రం తోటివారి ముందు చిన్నబోకుండా ఉండటమే అతడికి ముఖ్యం.

పాఠాలు మాత్రమే చాలవనడానికి నిదర్శనముంది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 40 పాఠశాల జిల్లాలను తీసుకొని, సగం చోట్ల మూడో తరగతి నుంచి ఏళ్ల తరబడి 65 పాఠాలు చెప్పించారు. ఒత్తిడిని తట్టుకొని కాదనడమూ నేర్పారు. 2000లో ఫలితాలు వెలువడ్డాయి: విన్నవారికీ విననివారికీ పొగతాగడంలో చెప్పుకోదగ్గ తేడా లేదు!

దీన్ని చూపి బడిని వదిలేయమనేవారితో నేను ఏకీభవించను. ఢిల్లీ, చెన్నై నగరాల్లోని 32 బడుల్లో 'మైత్రి' పేరిట జరిగిన ప్రయత్నం వేరు. అక్కడ తోటి విద్యార్థులే నాయకులై చర్చలు నడిపారు, తల్లిదండ్రులనూ కలుపుకొన్నారు. రెండేళ్లలో ఆ బడుల్లో పొగాకు వాడకం 17 శాతం తగ్గింది. కార్యక్రమం లేని బడుల్లో 68 శాతం పెరిగింది. రెండేళ్ల ఫలితమే, నిజమే. అయినా దారి చూపింది.

2019 జాతీయ సర్వేలో సిగరెట్ రుచి చూసిన 13–15 ఏళ్ల విద్యార్థుల్లో 38 శాతం మంది పదేళ్లు నిండకముందే మొదలుపెట్టినవారు. ఎనిమిదో తరగతిలో మేలుకొంటే ఏం లాభం? నాలుగో తరగతిలోనే మొదలుపెట్టాలి.

అన్నింటికన్నా ముందు గేటు బయటి బడ్డీకొట్టు. విద్యాసంస్థకు వంద గజాల లోపు పొగాకు అమ్మరాదని 2003 చట్టం. ఉల్లంఘిస్తే జరిమానా రెండు వందల రూపాయలకు మించదు. వ్యాపారికి అదొక లెక్కా? పిల్లలకు పొగాకు ఇచ్చేవారికి ఏడేళ్ల వరకు జైలు విధించగల బాలల న్యాయ చట్టం 2015 నుంచి ఉంది. దాన్ని వాడేదెవరు? పెట్టెపై 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ వేయించాం, కానీ విడిగా ఒక్కటి కొనే పిల్లవాడికి ఆ పెట్టె కనబడనే కనబడదు. విడి అమ్మకం ఆపనంత కాలం ఆ బొమ్మ దుకాణదారుడి కోసమే.

జూన్‌లో బడి తెరిచిన మొదటి వారంలోనే ప్రధానోపాధ్యాయులు, తల్లిదండ్రులు కలిసి గేటు నుంచి వంద గజాలు టేపుతో కొలవండి. ఆ లోపు ఉన్న కొట్ల పేర్లు పోలీసు స్టేషనులో రాసిచ్చి, రసీదు తీసుకోండి.