కాటాకెక్కించే ముందు చూడండి

బందరు, గుడివాడ, దివిసీమ ఆఫీసర్లకు, కాలేజీ ప్రిన్సిపాళ్లకు, రిటైరైన సాంకేతిక ఉద్యోగులకు విజ్ఞప్తి.



పనికిరాని సామాను లెక్క తీసేటప్పుడు విరిగిన కుర్చీకీ పాత కంప్యూటరుకీ ఒకటే గతి: వేలం, కాటా, ముక్కలు. 2022 ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత కంప్యూటర్ల వంటి సామాను నమోదైన ఉత్పత్తిదారులకో, బాగుచేసేవాళ్లకో, రీసైక్లర్లకో మాత్రమే పోవాలి. మంచిదే. కానీ రీసైక్లరు దగ్గరికి పోయింది మళ్లీ రాదు.

ఆ యంత్రాల్లో మనవాళ్ల పనితనం ఉంది. ఎ.ఎస్.రావుగారి సారథ్యంలో 1967లో హైదరాబాదులో మొదలైన ఈసీఐఎల్, 1969లో టీడీసీ-12 కంప్యూటరును తయారుచేసింది. తర్వాత 312, 316 వచ్చాయి. ఐబీఎం మెయిన్‌ఫ్రేముల్లా హాలంతా ఆక్రమించేవి కావు గానీ, బీరువాలంతేసి ఉండేవి. అప్పటి మెమరీ అంటే సన్నని తీగలకు పూసల్లా గుచ్చిన అయస్కాంతపు ఉంగరాలు. ఒక్కో ఉంగరం ఒక్కో బిట్టు. 12 బిట్ల పదాలు 4,096 దాచాలంటే 49,152 ఉంగరాలు కావాలి! దాన్ని తూకానికి అమ్ముతామా?

ఇంగ్లండులో రెండో ప్రపంచయుద్ధ కాలపు కొలోసస్ కంప్యూటర్లలో చాలావాటిని యుద్ధం అయ్యాక విప్పి పారేశారు. ఒక్కదాన్ని తిరిగి కట్టడానికి 1993లో పూనుకుంటే, 2007కి గానీ పని పూర్తి కాలేదు.

అందుకే ముందే దాచాలి. దాచడమంటే స్టోర్‌రూములో పడేయడం కాదు. మన ఉప్పుగాలికి ఇనుమే ఆగదు, రాగి కనెక్టర్లెంత? ప్లాస్టిక్ పట్టా చుడితే లోపలి తేమ లోపలే చెమరుస్తుంది. నూలుగుడ్డ కప్పి, సిలికా జెల్ సంచులు పెట్టి మారుస్తుండాలి. కార్డుల మీది పాత బ్యాటరీలు ముందే తీసేయాలి, కారాయంటే రాగి గీతల్ని తినేస్తాయి. పందికొక్కుల సంగతి వేరే చెప్పాలా? కేబుళ్లు పీకేముందు ఫొటో తీసి చీటీ కట్టాలి. మాన్యువళ్లు, టేపులు, లాగ్ పుస్తకాలు యంత్రంతోపాటే ఉండాలి. అవి లేని యంత్రం ఉత్త ఇనుమే. పనిచేస్తుందేమో చూద్దామని ఎవరూ ప్లగ్గు పెట్టొద్దు. ఏళ్ల తరబడి వాడని కెపాసిటర్లు పేలొచ్చు.

1864లో బందరు, 1977లో దివిసీమ ఉప్పెన చూశాయి. అందుకే మా మాట ఇది: ఈ పాత యంత్రాల ప్రదర్శన బందరులో పెట్టండి, రుద్రవరం కృష్ణా విశ్వవిద్యాలయం ఉండనే ఉంది. నిల్వ మాత్రం తీరానికి దూరంగా, గుడివాడలో, మేడ మీది గదిలో ఉండాలి.

చేసేవాళ్లకు కొదవ లేదు. 1926లో బందరులో పుట్టిన పరికరాల తయారీ సంస్థ ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ 1983లో బీఈఎల్‌లో కలిసింది. సున్నితమైన పరికరాలు పట్టుకోవడం తెలిసిన చేతులు బందరులో ఉన్నాయి.

కలెక్టరుగారూ, ఏ ఆఫీసులో, ఏ కాలేజీలో ఏ పాత యంత్రముందో జాబితా తీయించండి. అది చేతికొచ్చే దాకా పాత కంప్యూటర్ల వేలం ఆపించండి.